ఎర్ర మందు డాక్టరమ్మ

మేడ్చల్‌లో పశువుల మందుల దుకాణానికి వెళ్లాను. నాకంటే ముందు తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. "గోమార్ల జరానికి ఏసే ఎర్ర మందు ఒకటియ్యిండ్రి" అన్నాడు. దుకాణం ఆయన వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. చెయ్యి పైకి చాపి చిన్న గాజుసీసా అందుకుని, కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. పెద్దాయన దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఒక్క నిమిషం పట్టలేదు.

నేను ఆ అర వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఏం గావాలమ్మా?" అన్నాడు దుకాణం ఆయన.

"ఏం లేదు. ఆ మందు మా ఊరికి మొదలు తెచ్చింది మా డాక్టరమ్మ. యాదికొచ్చింది."

"ఏ ఊరు మీది?"

"లాల్‌గడి మలక్‌పేట."

"శామీర్‌పేట దవాఖానల చేసిన డాక్టరమ్మనా? పేట్ బషీరాబాద్ ఆమె?" అంటూ ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు. "పొద్దుగాల్నే ఫోనొచ్చింది. ఆమె పోయిందమ్మా. రేపు పదకొండు గంటలకు మట్టి."

ఏం కొనడానికి వెళ్లానో మరిచిపోయి వట్టి సంచితో ఇంటికి వచ్చాను.

ఆమె మా ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు తొంభైలు మొదలై రెండు మూడేళ్లు అయి ఉంటుంది. పొట్టి మనిషి. చీర కింద కాన్వాస్ బూట్లు వేసుకునేది. మోపెడ్ మీద వచ్చేది. వాకిట్లోకి రాకముందే బయట నుంచి గట్టిగా అరిచేది: "కుక్క ఉంటె కట్టేయుండ్రి!" కొమ్ములు విసిరే బర్రె పక్కన నిబ్బరంగా నిలబడే మనిషికి కుక్క అంటే వణుకు. మా వాడలో ఒక బక్క కుక్క ఉండేది, సరిగ్గా మొరగడం కూడా రాదు దానికి. అది కనబడితే ఆమె మోపెడ్ దిగేది కాదు. ఆడవాళ్లం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం.

మగవాళ్లు మాత్రం మొదట్లో వేరే రకంగా నవ్వారు. "ఆడామె, ఆవునేం పడగొడ్తది?" అని ఎవరో అన్నది ఆమె చెవిన పడింది.

"పడగొట్టుడు నా పని గాదు. పడ్డదాన్ని లేపుడు నా పని" అంది ఆమె, తిరిగి చూడకుండానే.

పశువు దగ్గరికి పోగానే ముందు అరచెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టేది. అది వాసన చూసి తల దించాకే ముట్టుకునేది. తర్వాత ఎడమ చేత్తో భుజం ముందు, మెడ మొదట్లో తడిమి చూసేది. అక్కడ చర్మం కింద గడ్డ ఉబ్బిందేమోనని. కంటి రెప్ప కిందికి లాగి లోపలి రంగు చూసేది. చెవి లోపలి వైపు తిప్పి నెత్తురు పీల్చే గోమార్లు ఎన్ని ఉన్నాయో చూసేది. యజమానిని అడగాల్సినవన్నీ ఆవు మొహంలోకి చూస్తూనే అడిగేది. "జరం ఎన్నొద్దులాయె? నెమరేస్తాందా? ఈని ఎన్నొద్దులు?" జవాబు ఎవరు చెప్పినా ఆమె ఆవుకే తల ఊపేది.

నెత్తురు నరంలోకి మందు ఎక్కించాల్సి వస్తే సన్నగా పాట అందుకునేది. వాళ్ల చర్చిలో పాడే పాట ఏదో. పాట ఆగేదాకా ఆమె బొటనవేలు ఒకే తీరున, కదిలీ కదలనట్టు కదిలేది. ఒకసారి అడిగాను, "దేవునికి మొక్కుతున్నరా మేడం?" అని.

"మొక్కుడు ఇంట్లనే అయిపోయింది. గీ మందు జల్దీ ఎక్కిస్తె గుండె ఆగుతది. పాట పాడుకుంట ఇస్తె చెయ్యి ఉరకది" అంది.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. అందులో అగ్గిపుల్లలు ఉండవు, ఆవు ఒంటి మీద నుంచి తీసిన గోమార్లు ఉండేవి. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లు చేరగానే అగ్గిపెట్టె తెరిచి, బాగా ఉబ్బినదాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించేది. "మీరు పాలు పిండుతున్నరు. ఇది నెత్తురు పిండుతాంది. పిండుకుంట పిండుకుంట నెత్తుర్ల రోగం ఇడుస్తది" అనేది. గోమార్లు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయని, కొట్టం గోడలు మట్టితో మెత్తి సున్నం కొట్టమని ఇంటింటికీ చెప్పేది. వినకపోతే కోప్పడేది. "మందు నా చేతుల ఉంది. గోడ మీ చేతుల ఉంది. నేనొచ్చి గోడ మెత్తాల్నా?" అనేది. ఒకరిద్దరి ఇళ్లలో నిజంగానే చీర చెంగు బిగించి మెత్తింది కూడా.

అప్పట్లో నేను మా ఊరి పాలకేంద్రంలో పనిచేసేదాన్ని. జెర్సీ ఆవులు మా వైపు కొత్తగా వస్తున్న రోజులు. పాలు బాగా ఇచ్చేవి. కానీ మా నాటు ఆవులు పుట్టినప్పటి నుంచీ గోమార్లతో బతికినవి, ఇవి అట్లా కాదు. వానాకాలం రాగానే ఒకదాని తర్వాత ఒకటి జ్వరంతో కూలబడేవి. ఎవరి ఆవుకు బాగాలేకపోయినా వాళ్లు ముందు పాలకేంద్రానికే వచ్చేవాళ్లు. నేను శామీర్‌పేట బస్సెక్కి డాక్టరమ్మకు కబురు చెప్పేదాన్ని. నా మాట మీద ఆమె బయలుదేరేది. ఆ మాటే ఒకరోజు తప్పింది.

మా వాడలో మల్లయ్య అనే రైతుకు ఒకే ఒక జెర్సీ ఆవు ఉండేది. ఒక పొద్దున అతని భార్య పాలకేంద్రానికి ఉరికొచ్చింది. ఆవు మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది అంది. "ఉచ్చ రంగు కూడ మారినట్టుంది యాదమ్మా" అని గొణిగింది. నేను వాళ్ల కొట్టానికి పోయి చూసే తీరిక కూడా తీసుకోకుండా బస్సెక్కాను.

దవాఖాన దగ్గర డాక్టరమ్మ అప్పటికే మోపెడ్ బయటికి తీస్తోంది. ఇంకో ఊళ్లో ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిందట, అక్కడికి పోతోంది. నేను చెప్పింది విని ఒక్కటే అడిగింది. "ఉచ్చ ఎర్రగ పోస్తాందా? నువ్వు చూసినవా?"

చూడలేదంటే ఆమె ముందు ఆ ఊరికి పోతుంది, మా ఊరికి ఎప్పుడు వస్తుందో తెలియదు. మల్లయ్య భార్య ఏడుపు మొహం కళ్ల ముందు ఉంది. "చూసిన మేడం. ఎర్రగనే పోస్తాంది" అన్నాను.

ఆమె మోపెడ్ మా ఊరి వైపు తిప్పింది.

గోమార్లతో వచ్చే రోగాలు రెండు రకాలని నాకు తర్వాత తెలిసింది. ఒకదాంట్లో ఉచ్చ ఎర్రగా వస్తుంది, దానికి పసుపు రంగు మందు. ఇంకోదాంట్లో భుజం దగ్గర గడ్డ ఉబ్బుతుంది, నెత్తురు విరిగి కళ్లు తెల్లబడతాయి, దానికి ఎర్ర మందు. దాని మీద పసుపు మందు పనిచేయదు. ఆ ఎర్ర మందు అప్పట్లో మా దిక్కున ఎక్కడా లేదు. డాక్టరమ్మ చెవి నరం నుంచి నెత్తురు చుక్క తీసి గాజుపలక మీద రాసుకుంది. కానీ దాన్ని చూడాలంటే దవాఖానకు తిరిగి పోవాలి. పసుపు మందు సూది వేసి, అవతల ఆవు కోసం ఉరికింది.

అక్కడ తల్లీ దూడా రెండూ దక్కాయి. మల్లయ్య ఆవు మూడో రోజు పొద్దున చనిపోయింది.

మల్లయ్య దవాఖానకు పోయి ఆమెను అనరాని మాటలన్నీ అన్నాడట. తర్వాతి రోజు ఆమె మా ఊరికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. కుక్కను కట్టేయమని కూడా అరవలేదు. మల్లయ్య వాకిట్లో నిలబడింది. వాడ వాడంతా చేరింది, నేనూ ఉన్నాను.

"మల్లన్నా, గాజుపలక నిన్న చూసిన. నేనేసిన మందు ఆ రోగానికి గాదు. నెత్తురు తీసుకున్న గని చూడకముందే సూదేసిన. తప్పు నాది" అంది.

సర్కారు దవాఖాన మనిషి అట్లా చెప్పడం మేమెవరం వినలేదు. మల్లయ్య తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా పేరు ఎత్తలేదు. నేను నోరు తెరవాలనుకున్నాను. తెరవలేదు.

ఆ రోజు నుంచి ఆమె మోపెడ్ వెనక కొత్తగా ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో దవాఖాన మైక్రోస్కోపు. ఎక్కడికి పోయినా దాన్ని మోసుకుని పోయేది. ఎర్ర మందు కోసం పట్నంలో ఎక్కడెక్కడో తిరిగిందట. రెండు సీసాలు సంపాదించి, స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ చుట్టి పెట్టుకునేది. చూసినవాళ్లు ఆమె సద్ది అనుకునేవాళ్లు.

మరుసటి ఏడు వానలు మొదలుకాగానే మా సుక్క మంచాన పడినట్టు పడింది. సుక్క మా ఆవు. నుదుటి మీద తెల్లటి చుక్క ఉండేది, అందుకే ఆ పేరు. ఈని రెండు వారాలు కూడా కాలేదు. దూడ ఆకలితో అరుస్తుంటే అది తల కూడా తిప్పలేదు. ఎవరో చెప్పారని ఒక మందుల దుకాణం మనిషితో జ్వరం సూదులు వేయించాం. తగ్గలేదు. డాక్టరమ్మను పిలుస్తానంటే మా అత్త అడ్డం తిరిగింది.

"మల్లయ్య ఆవును మింగిన సూది నా కొట్టంలకొద్దు" అంది.

నేను ఈసారి బస్సెక్కే ముందు సుక్క భుజం తడిమి చూశాను. నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. దాని ఉచ్చ ఎట్లా ఉందో చూసేదాకా కొట్టంలోనే కూర్చున్నాను. మామూలుగానే ఉంది. అత్తకు చెప్పకుండానే శామీర్‌పేట పోయి, చూసింది చూసినట్టు చెప్పాను. డాక్టరమ్మ నన్ను ఒక్క క్షణం నిలబెట్టి చూసి, మోపెడ్ తీసింది.

మధ్యాహ్నం ఎండకు మా ఇంటి ముందు అరుగు మీద ఆమె మైక్రోస్కోపు పెట్టింది. సుక్క గడ్డ నుంచి, చెవి నుంచి చుక్కలు తీసి గాజుపలకల మీద రాసి, నీలం రంగు మందు పోసి అరగంట ఆగింది. అంతసేపూ మా అత్త గడపలో కూర్చుని సణుగుతూనే ఉంది. వాడ జనం మళ్లీ చేరారు. వెనకాల ఎక్కడో మల్లయ్య కూడా నిలబడ్డాడు. డాక్టరమ్మ అద్దాన్ని ఎండకు తిప్పి, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత తల ఎత్తి, "మల్లన్నా, జెర ఇటు రా. నువ్వు చూడు" అంది.

అతను కదల్లేదు. జనమే దారి ఇచ్చి ముందుకు నెట్టారు. వంగి చాలాసేపు చూశాడు.

"ఏం గనవడుతాంది?" అంది ఆమె.

"గుండ్రగ... అప్పాల తీరుగున్నయ్."

"అవి నెత్తుటి కణాలు. వాటి మీద?"

"అప్పాల మీద నువ్వులద్దినట్టున్నయ్."

"గవే. మీ ఆవును తిన్నది గవే. పోయినేడు నీకు చూపియ్యాల్సిందుండె, చూపియ్యలే. ఇప్పుడు చూపిస్తున్న."

మల్లయ్య ఇంకోసారి వంగి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు, ఎండకో మరి దేనికో. తర్వాత మా అత్త దగ్గరికి పోయి, "ఎయ్యనీ అక్కా. నా కండ్లతోని చూసిన. మల్ల ఆలస్యం చేస్తె నా తీరుగైతవ్" అన్నాడు.

అత్త గడపలో నుంచి లేచి పక్కకు జరిగింది.

డాక్టరమ్మ టిఫిన్ డబ్బా తెరిచింది. తడిగుడ్డలో నుంచి సీసా తీసింది. దానిమ్మ రసం లాంటి ఎరుపు. సుక్క ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి, మెడ కండలో లోతుగా సూది దించింది. "రేపంత ఆగి ఎల్లుండి మల్లొకటి. అప్పటిదాక దూడను తల్లి దగ్గర కట్టకుండ్రి, దాని తాకత్ దానికే ఉంచుండ్రి" అంది. మా అత్త చాయ్ తెచ్చి ముందు పెట్టింది. ఆమె ముట్టలేదు. "నెమరేసినంక తాగుత" అని మోపెడ్ ఎక్కింది.

ఆ రెండు రోజులు నేను పాలకేంద్రంలో ఏం కొలిచానో, ఏం పోశానో గుర్తులేదు. ఇంటికి వచ్చి సుక్క చెవులు పట్టుకునేదాన్ని. వేడి. మళ్లీ పోయి పట్టుకునేదాన్ని. వేడి. రెండో సూది పడింది. ఆ మరునాడు పొద్దెక్కేసరికి చెవులు చల్లబడ్డాయి. అయినా నమ్మకం కుదరక మా అత్తను పిలిచాను. ఆమె కూడా పట్టుకుని చూసి, "సల్లగనే ఉన్నయ్" అంది, అదేదో ఎవరికీ వినబడకూడని మాట అన్నట్టు.

డాక్టరమ్మ వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. కొట్టంలో సుక్క ఎదురుగా నేల మీదే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఒక అరగంటకు సుక్క గొంతు కింద ఏదో పైకి పాకింది. దవడ పక్కకు కదిలింది. ఇంకోసారి కదిలింది. తర్వాత ఆగకుండా నెమరు వేయడం మొదలుపెట్టింది.

"చాయ్ పెట్టమను మీ అత్తను" అంది డాక్టరమ్మ. మా అత్త ఆ రోజు చాయ్‌లో చక్కెర ఎంత వేసిందంటే, డాక్టరమ్మ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి, అయినా మొత్తం తాగింది. మా కొట్టం గోడలు ఆ వారంలోనే మా అత్త తన చేత్తో మెత్తింది.

సుక్క తర్వాత ఆరు ఈతలు ఈనింది. మల్లయ్య కొన్నాళ్లకు మళ్లీ ఆవును తెచ్చుకున్నాడు. దానికి చిన్న దగ్గు వచ్చినా డాక్టరమ్మ దగ్గరికే నడిపించుకుపోయేవాడు. ఊరు ఊరంతా తేలికపడింది. నేను తప్ప.

ఆమెను అక్కడికీ ఇక్కడికీ బదిలీ చేశారు. రెండు వేలు దాటాక, ఆమె రిటైరయ్యే ముందు, మా ఊళ్లో పశువుల శిబిరం పెడితే మళ్లీ వచ్చింది. అప్పటికి మా పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతేశారు. శిబిరానికి వచ్చిన పశువులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జుట్టు తెల్లబడింది గానీ కాన్వాస్ బూట్లు అవే. తిండి వేళకు ఆమె చేతులు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అనిపించింది.

"మేడం, మల్లయ్య ఆవప్పుడు నేను అబద్ధం చెప్పిన. ఉచ్చ ఎర్రగ పోసుడు నేను చూడలే."

ఆమె సబ్బు రుద్దుకుంటూనే ఉంది. "నాకెరికె" అంది.

చెంబు వంగిపోయి నీళ్లన్నీ ఆమె బూట్ల మీద పడ్డాయి.

"నేను కొట్టంలకు పోయినప్పుడు ఆవు నా ముందరనే పోసింది. ఎర్రగ లేదు. నేను చూసిన. చూసి కూడ, అంతకుముందు ఎర్రగ పోసిందేమో అనుకున్న. ఎందుకంటే నాకు జల్దీ పోవాల్సుండె. కండ్లకు గనవడ్డది ఇడిచిపెట్టి, చెవులవడ్డది పట్టుకున్న. అది డాక్టర్ తప్పు యాదమ్మా, నీది గాదు. ఇంగ చూస్తె, ఎర్ర మందు అప్పుడు నా దగ్గర లేకుండె. నువ్వు నిజం చెప్పినా ఆ ఆవు బతుకుతుండెనా అంటే చెప్పలేను."

"మరి అందరి ముందర నా పేరెందుకు చెప్పలే?"

ఆమె నన్ను వింతగా చూసింది. "చెప్తే ఏమైతుండె? వాడంత నీ మీద పడుతుండె. నువ్వు కబురు మోసుడు బందు పెడ్తుంటివి. నాకు కబురు రాకుంటె ఇంకో నాలుగావులు పోతుండె."

అంతే ఆమె లెక్క. జాలి కాదు, పెద్ద మనసు చూపించడమూ కాదు. నాలుగు ఆవులు.

"గిన్నేండ్లు మోసినవా పిచ్చిదానా? నాకు చెప్తే అప్పుడే దింపుతుంటిని గదా" అంది చేతులు తుడుచుకుంటూ.

నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. చాలా ఏళ్ల తర్వాత అంత ఆకలి. ఆమె పక్కనే కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

"మల్లయ్యకు చెప్పాల్నా మేడం?" అని అడిగాను తింటూ.

"అది నీకూ ఆయనకూ నడుమ ముచ్చట. ధైర్యమొస్తె చెప్పు. రాకుంటె, ఇంకో ఆవు గురించి అబద్ధం చెప్పకు."

ధైర్యం రాలేదు. వాడలో ఎదురుపడినప్పుడల్లా, ఇంకోరోజు అనుకునేదాన్ని.

దుకాణంలో ఆ వార్త విన్న మరుసటి రోజు మల్లయ్యా నేనూ కలిసి పేట్ బషీరాబాద్ పోయాం. ప్రార్థన జరుగుతుంటే మాకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. చెప్పులు విప్పి వెనక నిలబడ్డాం. మా లాంటి వాళ్లు ఇంకా చాలామంది వచ్చారు. పంచెలు కట్టుకున్నవాళ్లు, పాల డబ్బాలు సైకిళ్లకు తగిలించుకుని నేరుగా వచ్చినవాళ్లు. ఎవరికి ఎవరూ తెలియదు. "మా బర్రెను బతికిచ్చింది" అని ఒకరు, "మా కోడెను" అని ఒకరు. మట్టి వేసేటప్పుడు మల్లయ్య రెండు పిడికిళ్లు వేశాడు.

తిరుగు దారిలో మేడ్చల్‌లో బస్సు మారాం. శామీర్‌పేట బస్సులో కిటికీ పక్కన సీటు నాకిచ్చి అతను ఇవతల కూర్చున్నాడు. ఊరు దాటగానే చెప్పేశాను. ఎక్కడా ఆగకుండా, కిటికీలో నుంచి బయటికి చూస్తూ, మొత్తం చెప్పాను. శిబిరం రోజు ఆమె అన్న మాటలు కూడా.

రెండు స్టేజీలు పోయాయి.

"దవాఖానల ఆమెను ఎన్ని తిట్లు తిట్టిన్నో ఎరికెనా నీకు?" అన్నాడు మల్లయ్య చివరికి. "తల దించుకుని విన్నది. ఒక్క మాట అనలే. అండ్ల సగం తిట్లు నీకు రావాల్సినవి."

"అవ్ అన్నా" అన్నాను.

అతను రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. నా వైపు తిరిగాడు. "అయితె ఇప్పుడు తిట్టమంటవా?"

నేను అతని మొహంలోకి చూశాను. మీసాల కింద పెదవి వణుకుతోంది. ముందు అతనే నవ్వాడు. తర్వాత నేను. మట్టి వేసి వస్తున్న మనుషులం బస్సులో అట్లా నవ్వుతుంటే ముందు సీట్లోని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాత ఎప్పుడు కునుకు పట్టిందో నాకు తెలియదు. శామీర్‌పేట వచ్చిందని మల్లయ్యే లేపాడు.